గీతలో ఇమడని ఎముకలు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో కంపెనీ తోటను ఆనుకునే ప్రకృతి చరిత్ర మ్యూజియం ఉంది. తోటలో ఊడలు దిగిన మర్రిచెట్లు. వాటి నీడలో కాసేపు ఆగాను. ప్రకృతి అన్న మాట నాకు చాలా ఏళ్లు చేదుగా ఉండేది. నేను స్వలింగ ప్రేమికుణ్ణి. నా ప్రేమ ప్రకృతి విరుద్ధమని మన శిక్షాస్మృతిలో బ్రిటిష్ వాళ్లు రాసిన 377వ సెక్షన్ 2018 సెప్టెంబరు 6 దాకా నా నెత్తిమీద ఉంది. మారిషస్‌లోనూ వాళ్ల ఏలుబడిలోనే, 1838లో, అలాంటి చట్టం వచ్చింది.

నాతో వచ్చిన మిత్రుడు కోరంగి సంతతివాడు. మన కోరంగి రేవు పేరు మీదే ఇక్కడి తెలుగువాళ్లకు ఆ పేరు వచ్చింది. ఇంట్లో వాళ్ల మాట క్రియోల్. తెలుగు రామభజనలో వినిపిస్తుంది. "పద అన్నా, డోడో లోపల ఉంది" అన్నాడు.

నేను చూడాలనుకున్నది ఎప్పుడో అంతరించిపోయిన ఆ పక్షి అస్థిపంజరాన్నే. నేలమీద నిలబెడితే నా నడుము దాకా రాదు. కొక్కెంలా వంగిన పెద్ద ముక్కు, ఎగరడానికి పనికిరాని చిన్న రెక్కల ఎముకలు, వాటి కింద మాత్రం బలమైన కాళ్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎతియెన్ తిరియూ అనే మంగలి దీన్ని లె పూస్ కొండ దగ్గర కనుగొన్నాడు. మిగతా మ్యూజియాల్లో ఉన్న డోడోలు వేరువేరు పక్షుల ఎముకలు కలిపి కట్టినవి. ఇది మాత్రం ఒకే పక్షి. ఒక ప్రాణి, ఒకే ఒంటితో, నా ఎదురుగా నిలబడి ఉందన్న ఆలోచనకు గొంతు పట్టేసింది.

డోడో అనగానే మనకు తట్టే బొమ్మ వేరు. బొద్దుగా, మందంగా, కదలలేక కదిలే పక్షి. ఆ బొమ్మను లోకానికి ఎక్కించింది రూలాంట్ సావరీ అనే చిత్రకారుడు. 1626 ప్రాంతంలో ఆయన వేసిన చిత్రం ఇప్పుడు లండన్‌లో ఉంది. 1865లో ఇక్కడి మార్ ఓ సాంజ్ చిత్తడిలో ఎముకలు దొరికి లండన్ చేరినప్పుడు శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ ఏం చేశాడో తెలుసా? సావరీ బొమ్మ అంచుగీత తీసుకుని, అందులో పట్టేలా ఎముకలను కూర్చాడు. 1866లో అచ్చైన డోడో కూలబడినట్టు ఉంది. మూడేళ్ల తర్వాత ఆయనే దిద్దుకుని నిటారుగా నిలబెట్టాడు. మొదటిసారి ఎముకల మాట వినలేదు, బొమ్మ మాట విన్నాడు. నా గురించి చట్టం రాసినవాళ్లు చేసిందీ అదేనని నాకు అనిపిస్తుంది. గీత ముందే గీసుకున్నారు.

ఓవెన్‌కు వందేళ్ల ముందే, 1766లో, శాస్త్రవేత్త లినేయస్ ఈ పక్షికి చేతకానిదనే అర్థం వచ్చే శాస్త్రీయ నామం పెట్టాడు. డచ్చివాళ్లు 1598లో వచ్చారు. ఓడలతో పాటు ఎలుకలు, పందులు, కోతులు దిగాయి. నమ్మదగ్గ చివరి చూపు 1662 నాటిది. ఆ తర్వాత డోడో అంతరించింది. తప్పు పక్షిది కాదు.

ఇదే డోడోను మన దేశంలో కూడా చూశారు. సూరత్‌లో రెండు డోడోలున్నాయని పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు రాశాడు. మొఘల్ ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ వేసిందని చెప్పే చిత్రం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. ఇతర పక్షుల మధ్య డోడో కూడా ఒక పక్షిగా నిలబడి ఉంటుంది. వింత చూపించే ఆత్రం ఆ కుంచెలో లేదు. బతికున్న డోడోకు దగ్గరగా ఉన్న బొమ్మల్లో అదొకటని పక్షిశాస్త్రజ్ఞులు అంటారు.

అంతరించడం అన్న మాట దగ్గర ఇంకొకటి చెప్పాలి. మన దేశంలో బ్రిటిష్ వాళ్లు చేసిన 1871 నేరస్థ తెగల చట్టం కింద హిజ్రాల పేర్లు రిజిస్టర్లకెక్కించారు. ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపించినా, ఆడి పాడినా జైలు. వాళ్లు క్రమంగా అంతరించిపోవాలన్నదే వాయవ్య పరగణాల అధికారుల లక్ష్యమని చరిత్రకారిణి జెస్సికా హించీ ఆ కాలపు కాగితాల నుంచి చూపించారు. 1919లో హైదరాబాద్ సంస్థానం అలాంటి చట్టమే చేసుకుంది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో కొట్టేసింది. అదే ఏడాది అక్టోబరు 4న మారిషస్ సుప్రీంకోర్టు, ఇక్కడి 1838 నాటి చట్టం ఈ నేల విలువల్లోంచి పుట్టింది కాదు, వలస పాలన వదిలిపోయిందేనని తేల్చి, ఇష్టపడి కలిసిన పెద్దల మీద అది చెల్లదంది. హిజ్రాలు అంతరించలేదు. సికింద్రాబాద్ స్టేషన్లో దిగిన ప్రతిసారీ వాళ్ల చప్పట్లు వింటాను.

బయటికొచ్చి రేవు వైపు నడిచాం. కాస్త దూరంలో ఆప్రవాసీ ఘాట్. 1834 నుంచి దాదాపు అయిదు లక్షలమంది ఒప్పంద కూలీలు మారిషస్‌కు వచ్చారు. వాళ్లలో చాలామంది దిగిన మెట్లు అక్కడ ఉన్నాయి. మిత్రుడు చెప్పులు విడిచి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

మార్ ఓ సాంజ్ కథలో ఒక ముక్క ఆ మెట్లకే చెందుతుంది. రైల్వే ఇంజనీరు హిగ్గిన్సన్ అటుగా వెళ్తూ, చిత్తడిలో మట్టి తవ్వుతున్న కూలీలు ఎముకలను వేరుచేసి కుప్పలు పోయడం చూశాడు. తర్వాత బడిపంతులు జార్జ్ క్లార్క్ పనివాళ్లను బురద మధ్యలోకి దింపి, ఉత్త పాదాలతో తడిమించి మరిన్ని ఎముకలు తీయించాడు. పేరు క్లార్క్‌కు, ఓవెన్‌కు దక్కింది. ఎముకలు ఏరినవాళ్లను హిగ్గిన్సన్ కూలీలు అని మాత్రమే రాశాడు.