అయిదడుగుల నేల: బర్క్‌లీ కొండల మీద ఒక రోజు

ఉద్యోగ విరమణ అనంతరం మా అమ్మాయి ఆహ్వానం మీద 2025 అక్టోబరులో కాలిఫోర్నియా చూసే అవకాశం నాకూ, మా శ్రీమతికీ లభించింది. ముప్పయ్యేళ్ళు కర్మాగారపు అగ్నిమాపక విభాగంలో పనిచేసినవాడు తీర్థయాత్రకు వెళ్ళినా ముందు నీటి గొట్టం ఎక్కడుందో, బయటికి దారి ఎటో చూస్తాడని మా ఇంట్లో ఒక పరిహాసం. గోల్డెన్ గేట్ వంతెన మొదలైనవాటిని గురించి చాలామంది రాశారు కనుక, నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసిన ఒక కొండవాడను గురించి మాత్రమే ఇక్కడ రాస్తాను.

నా పూర్వ సహోద్యోగి ఒకరు కుమార్తె వద్ద బర్క్‌లీ కొండల మీద నివసిస్తున్నారు. ఆయన్ను చూడడానికి ఫ్రీమాంట్ నుండి బార్ట్ రైలులో బయలుదేరి, మధ్యలో బండి మారి, ఆక్లండ్ నగరంలోని రాక్‌రిడ్జ్ స్టేషనులో దిగాము. ఆ స్టేషను గోడ మీద సుమారు రెండు వేల చిన్న పలకలు అతికించి ఉన్నాయి. 1991లో అక్కడి కొండలను దహించిన అగ్నిప్రమాదానికి గుర్తుగా పురజనులు స్వయంగా బొమ్మలు గీసి ఇచ్చిన పలకలవి. మా శ్రీమతి వాటి ముందు నుండి చాలాసేపు కదలలేదు.

ఆ ప్రమాదం సంగతి మిత్రుడు కారులో తీసుకువెళుతూ వివరించాడు. 1991 అక్టోబరు 19, శనివారం నాడు కొండ మీద గడ్డికి నిప్పంటుకున్నది. ఆర్పారు, గొట్టాలు అక్కడే ఉంచారు. ఆదివారం ఉదయం సిబ్బంది తిరిగి వచ్చి తనిఖీ చేస్తూ ఉండగానే తూర్పు నుండి వేడిగాలి లేచింది. బూడిద కింద మిగిలిన నిప్పు రాజుకున్నది. మొదటి గంటలోనే సుమారు 790 కట్టడాలు అంటుకున్నాయి. మొత్తం 25 మంది మరణించారు, మూడు వేలకు పైగా నివాసాలు నేలమట్టమైనాయి. ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో పలువురు మెలికల దారులలో చిక్కుకుపోయినవారే. పొరుగు ఊళ్ళ నుండి సహాయానికి వచ్చిన బండ్ల గొట్టాలు ఆక్లండ్ నీటి కొళాయిలకు నేరుగా అమరలేదు. అక్కడి మూతి కొలత మూడు అంగుళాలు, వీరిది రెండున్నర. ఈ మాట విన్నప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. అర అంగుళం తేడా ఏమి చేయగలదో మా విభాగంలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

దారి పొడవునా జామాయిల్ చెట్లు. మన జామాయిలే! ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో కలప వ్యాపారం కోసం ఆస్ట్రేలియా జాతిని తెచ్చి ఈ కొండల మీద విస్తారంగా నాటారట. కలప పనికిరాలేదు, చెట్లు మాత్రం మిగిలిపోయాయి. నూనె నిండిన ఆకులు, ఊడి వేలాడే బెరడు చూస్తే నాకు చెట్ల సొగసు కనబడలేదు, ఇంధనపు నిల్వ కనబడింది. గ్రిజ్లీ పీక్ దారి మీద ఒక చోట ఆగి చూస్తే అఖాతమంతా వెండి పళ్ళెంలా మెరుస్తున్నది. ఇంత అందమైన చోట ఇల్లు కట్టుకోవద్దని ఎవరిని అనగలం?

అయితే ఈ కథ 1991లో మొదలు కాలేదు. 1923 సెప్టెంబరు 17న ఇదే తూర్పుగాలి వెంట వచ్చిన మంట బర్క్‌లీలో దాదాపు ఆరువందల కట్టడాలను కాల్చింది. ఆనాటి ఇళ్ళకు చెక్క పెంకుల కప్పులు. గాలికి లేచిన ఒక్కొక్క పెంకూ మండుతూ పోయి మరొక కప్పు మీద వాలింది. సాయంకాలం సముద్రపు గాలి తిరగడం వల్లనే తక్కిన ఊరు మిగిలింది. ఆ తరువాత నగర సభ నిప్పు అంటని కప్పులే వేయాలని శాసనం చేసింది. కానీ చెక్క పెంకుల వ్యాపారుల ఒత్తిడికి లొంగి దానిని ఉపసంహరించుకున్నది. అరవై ఎనిమిదేళ్ళ తరువాత ఆ పక్క కొండ మీద మళ్ళీ అవే చెక్క కప్పులు కాలాయి. నిబంధన కాగితం మీదికి ఎక్కడం ఒక ఎత్తు, అక్కడ నిలవడం మరొక ఎత్తు.

2008 నుండి ప్రమాద ప్రాంతాలలో కొత్తగా కట్టే ఇళ్ళకు కప్పు, గోడ, గాలి కంతల జాలీ, అన్నీ నిప్పురవ్వలను తట్టుకునేలా ఉండాలని కాలిఫోర్నియా నియమం. మరి పాత ఇళ్ళ మాటేమిటి? 2025 జనవరిలో లాస్ ఏంజలిస్ పరిసరాలు కాలిన తరువాత ఈ ప్రశ్న మళ్ళీ లేచింది. రాష్ట్ర నిబంధనలు ఖరారు కాకముందే, ఆ జూన్‌లో బర్క్‌లీ నగర సభ కొండ అంచు వీధుల కోసం ఒక శాసనం చేసింది. ఇంటి గోడ నుండి అయిదడుగుల లోపల పొదలు, ఎండుటాకులు, గోడకు ఆనిన చెక్క కంచె, అంటుకునే వస్తువు ఏదీ ఉండరాదు. 2026 జనవరి 1 నుండి అమలు. మన చమురు ట్యాంకుల చుట్టూ వేసవికి ముందే గడ్డి కోయించే ఏర్పాటు వంటిదే ఇది. చాలా ఇళ్ళు అడవి మంట వచ్చి తాకడం వల్ల కాక, ఎగిరి వచ్చిన రవ్వ గోడ మొదట్లో రాజుకోవడం వల్ల కాలుతాయి.

మిత్రుని ఇంటికి చేరేసరికి ఈ శాసనమే అక్కడి వివాదాంశం. దక్షిణపు గోడకు ఆనించిన కర్రపందిరి మీద వదినగారు పెంచిన జాజితీగ చిక్కగా అల్లుకుని ఉన్నది.

"మీరైనా చెప్పండి అన్నయ్యగారూ, నా తీగ వల్ల ఊరు తగలబడుతుందా?" అన్నారు ఆమె.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ వీధిలో అభ్యంతరం చెప్పినవారు మూర్ఖులు కారు. నీడ పోతుందనీ, ఖర్చు అవుతుందనీ, ముసలివారు ఈ పని ఎట్లా చేసుకుంటారనీ వారి ప్రశ్న. బీమా కంపెనీలు పాలసీలు తిరిగి ఇవ్వడానికి వెనకాడుతున్నాయన్నది మరొక దిగులు. మిత్రుడు టేపు తెచ్చాడు. పందిరి పూర్తిగా హద్దు లోపలే ఉన్నది. పక్కింటివారి పొద వారి గోడకు ఎంత దూరమో గాని, మిత్రుని పడకగది కిటికీకి నాలుగడుగులే.

"ఇది మనం తీయలేము, వాళ్ళు తీయాలి. మనం తీయకపోతే వాళ్ళను అడిగే మొహం ఉండదు" అన్నాడు మిత్రుడు నెమ్మదిగా.

వదినగారు ఏమీ అనలేదు. భోజనాలయ్యాక దగ్గరలో ఉన్న పనొరామిక్ హిల్ అనే వాడకు వెళ్ళాము. అక్కడికి కారు వెళ్ళే దారి ఒక్కటే. ఎదురుగా వచ్చిన సామాను బండికి చోటివ్వడానికి మా కారు వెనక్కి వెనక్కి పోవలసి వచ్చింది. అగ్నిమాపక శకటం ఎక్కుతూ ఉండగా ఇళ్ళవారు దిగవలసివస్తే? లెక్క వేయడం మొదలుపెట్టి మానుకున్నాను. దారిని వెడల్పు చేయడం ఏ సభకైనా సులభం కాదు. అయిదడుగుల నేల ఒక్కటే వారి చేతిలో ఉన్నది కాబోలు.

మేము తిరుగు ప్రయాణమయ్యేసరికి వదినగారు తీగ నుండి నాలుగైదు కొమ్మలు కత్తిరించి, అంటు కట్టడానికి తడిగుడ్డలో చుట్టి మా శ్రీమతి చేతికిచ్చారు. "ఫ్రీమాంటులో మీ అమ్మాయి గోడకు దూరంగా పాతించండి" అన్నారు.