ముఖమే మొదటి పలుకు

1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాము నాటి ఒరిస్సా రాష్ట్రమున చేరినది. అప్పటినుండి మా చమఖండి ప్రాంతపు తెలుగువారము అల్పసంఖ్యాకులమై యున్నాము. ఒడియా ఇంకను పట్టుబడని పిల్లవాడు అంగడికి పోయినప్పుడు మొదట చదువునది అంగడివాని ముఖమును. ఆ ముఖము వికసించిన అడుగు ముందుకు పడును. బొమలు ముడివడిన వెనుకకు జరుగును.

ఈ గుణము మనకు శైశవముననే అలవడును. జేమ్స్ సోర్స్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు 1985లో ఒక పరిశోధనను ప్రకటించిరి. ఏడాది పిల్లలను గాజుపలకపై ప్రాకనిచ్చిరి. నడుమ, పలక క్రింద కొంత లోతు కనబడుచుండును. ఆవలి యంచున తల్లి సంతోషముఖముతో నున్నప్పుడు 19 మందిలో 14 మంది దాటి వచ్చిరి. తల్లి ముఖమున భయము కనబడినప్పుడు 17 మందిలో నొక్కరును దాటలేదు. తల్లి మాత్రము పెదవి విప్పలేదు.

పసివానికి తల్లి ముఖము తప్పక రక్షయే. అయితే పరభాషవాని ముఖమును చదువుటలో మనము తొందరపడరాదు. బొమలు కోపముచేతనే కాక, ఎండచేతను, మన మాట తెలియని తికమకచేతను ముడివడును. ఆ తికమకను కోపమని యెంచి మనము మరలిన, అతడు మనకు గర్వమని తలంచును. ఇట్లు ఇరువురును దూరమగుదురు.

కావున, సోదర విద్యార్థులారా, బొమలు ముడివడినను మరియొక్క క్షణము చిఱునవ్వుతో నిలుతము. నిలిచిన వారికే పొరుగువారి భాష పట్టుబడును.