ఎంత దూరమున నిలువవలెను?

ఉద్యోగవిరమణ పొందిన ఉపాధ్యాయునకు తీరికయు, పూర్వవిద్యార్థుల ప్రశ్నలును సమృద్ధిగా లభించును. నేను కెమెరా పట్టి తిరుగుచుందునని ఎరిగిన నా శిష్యులు తరచుగా ఒక ప్రశ్న వేయుచుందురు: "మాస్టారూ, ప్రైమ్ లెన్సు ఒకటి కొనవలెనని యున్నది. ఏ సంఖ్య గలది కొనమందురు?" ముప్పదియైదు అనియో, ఏబది అనియో ఒక సంఖ్య చెప్పి పంపివేయుట సులభమే. కాని నాకు ఆ సంఖ్య దొరకిన విధము వేఱు. దానిని నాకు నేర్పినవాడు ఉద్దానమునందలి యొక కొబ్బరి రైతు. ఆతడు తన జన్మలో కెమెరా పట్టినవాడు కాడు.

నేను టెక్కలి ప్రాంతమున మొదట తెలుగు పండితుడనుగను, పిదప ప్రధానోపాధ్యాయుడనుగను పనిచేసి, 2017లో విరమించితిని. ఆ సంవత్సరమే ఒక కెమెరా కొంటిని. దానితో వచ్చినది జూమ్ లెన్సు. దానిమీద 18 మొదలు 55 వరకు అంకెలు చెక్కబడి యుండెను. లెన్సు చుట్టునున్న వలయమును త్రిప్పినచో దూరముననున్న మనుష్యుడు దగ్గరకు వచ్చినట్లు కానవచ్చును. వెనుకకు త్రిప్పినచో లోకమంతయు చట్రములో ఇమిడిపోవును. అడుగు కదల్పవలసిన పని లేదు. మోకాళ్ళు నొప్పి పెట్టు వయస్సున ఇంతకంటె భాగ్యమేమి కలదని సంతోషించితిని. ఏడాది తిరుగునప్పటికి వేలకొలది ఛాయాచిత్రములు పోగయ్యెను. నౌపడా ఉప్పుమళ్ళు, పలాస జీడిపప్పు పరిశ్రమలు, భావనపాడు పడవలు అన్నియు అందుండెను. కాని ఒక్కటియు మనసున నిలువలేదు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటెను. గంటకు నూటనలుబది కిలోమీటర్లను మించిన గాలి వీచెను. ఉద్యానవనము అను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. అట్టి ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు ఒక్క రాత్రిలో కూలిపోయెను. దారులు తెఱపి యిచ్చిన పిమ్మట, వజ్రపుకొత్తూరు వైపుననున్న నా బాల్యస్నేహితుని చూడ బోయితిని. ఆతని తండ్రి నాటిన తోట అది. చెట్లన్నియు ఒకే దిక్కునకు తలలు వాల్చి పడియుండెను. నా మిత్రుడు ఒక మానుమీద కూర్చుండి నేలను చూచుచుండెను.

నాకు వానిని సమీపించుటకు మనసొప్పలేదు. ఏమని పలుకరింతును? రోడ్డుమీదనే నిలిచి, కెమెరా ఎత్తి, వలయమును 55 వరకు త్రిప్పి, వరుసగా చిత్రములు తీయసాగితిని. ఆతడు తల యెత్తి చూచెను.

"ఒరే మాస్టరూ, రోడ్డుమీద నిలబడి నన్నేటి తీస్తావురా? ఇలాగొచ్చి కూకో" అనెను.

ఆతని కంఠమున కోపము లేదు. నేను కెమెరాను సంచిలో పెట్టి, పోయి ప్రక్కన కూర్చుంటిని. ఏ చెట్టు ఎన్ని కాయలు కాచెడిదో, ఏ చెట్టు నీడన మేమిద్దరము ఎక్కాలు వల్లించితిమో చెప్పుచు పోయెను. ఆనాడు మరియొక చిత్రము తీయలేదు.

ఇంటికి వచ్చి ఆ చిత్రములను చూచుకొంటిని. స్పష్టతకు లోపము లేదు. కాని వానిలోని మనుష్యుడు నా మిత్రుడు కాడు. కూలిన చెట్ల నడుమ కూర్చున్న ఎవరో రైతు. దారిన పోవువాడు తీసినట్లుండెను. నిజమునకు ఆ క్షణమున నేను దారిన పోవువాడనే గదా!

ప్రతి చిత్రమును ఏ సంఖ్యవద్ద తీసితిమో కెమెరా తనంతట తానే వ్రాసియుంచును. నేను వేల చిత్రములలో నుండి పోగొట్టుకొన ఇష్టము లేని వానిని ఏబదింటిని ఏరి, వాని సంఖ్యలను నోటుపుస్తకమున వ్రాసితిని. మొత్తము చిత్రములలో ఎక్కువ భాగము 18 వద్దనో, 55 వద్దనో, అనగా ఆ చివరనో, ఈ చివరనో తీసినవి. ఏరినవి మాత్రము చాలవఱకు 30కిని 40కిని నడుమనుండెను. వానియందలి మనుష్యుల పేర్లు నాకు జ్ఞాపకముండెను. వారితో మాటలాడిన పిమ్మట తీసిన చిత్రములవి.

ఈ సంఖ్య యేమి? తెలుగు పండితునకు భౌతికశాస్త్రముతో నేమి పనియని మీరు నవ్వవచ్చును. నాతో పనిచేసిన సైన్సు ఉపాధ్యాయుని యొద్ద శిష్యరికము చేసి తెలిసికొంటిని. భూతద్దముతో ఎండలో కాగితమును కాల్చిన బాలునకు దీని మొదటి పాఠము వచ్చినట్లే. దూరమునుండి వచ్చు కిరణములు కటకము గుండా పోయి ఒక బిందువువద్ద కలిసికొనును. కటకమునుండి ఆ బిందువు వరకు గల దూరమే నాభ్యంతరము. ఇది తక్కువైనకొలది చూపు విశాలమగును. ఎక్కువైనకొలది చూపు ఇరుకై, వస్తువు పెద్దదిగా కనబడును. నాభ్యంతరము మార్పవీలైనది జూమ్ లెన్సు. ఒక్క నాభ్యంతరమునకే కట్టుబడినది ప్రైమ్ లెన్సు.

ఎంత వెడల్పు కనబడునో లెక్క వేయుట మీకు కష్టము కాదు. ఎదుటి వస్తువునకు గల దూరమును, కెమెరాలోని సెన్సారు వెడల్పుతో గుణించి, నాభ్యంతరముతో భాగించవలెను. పెద్ద సెన్సారు, పాత ఫిల్మువలెనే, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు కలిగియుండును. నా కెమెరాలోనిది చిన్నది. దాని వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు. అందుచేత నా కెమెరాకు 35 మిల్లీమీటర్ల కటకము తగిలించినచో, పెద్ద సెన్సారుపై 52 మిల్లీమీటర్ల కటకము చూచినంత మేరయే చూచును. లెన్సు కొనువారు ఈ భేదము మరువరాదు.

కెమెరా లేనివారును దీనిని పరీక్షించవచ్చును. ఒక అట్టలో 72 మిల్లీమీటర్ల వెడల్పు, 48 మిల్లీమీటర్ల ఎత్తుగల కిటికీని కత్తిరింపుడు. ఒక కన్ను మూసి, అట్టను కంటికి 10 సెంటీమీటర్ల దూరమున పట్టి చూచినచో, పెద్ద సెన్సారుపై 50 మిల్లీమీటర్ల కటకము చూచు మేర కనబడును. ఏడు సెంటీమీటర్ల దూరమున పట్టినచో 35. పదునేడు సెంటీమీటర్ల దూరమున పట్టినచో 85. పైసా ఖర్చు లేకుండ మూడు కటకములు మీ చేతికి వచ్చినట్లే.

ఇందు మరియొక రహస్యము కలదు. మందస వైపున నిలిచి చూచినచో పడమట మహేంద్రగిరి కానవచ్చును. దాని ఎత్తు 1501 మీటర్లు. మీ స్నేహితుని పొలములో నిలిపి, మీరు రెండడుగుల దూరమునుండి చిన్న నాభ్యంతరముతో చిత్రము తీసినచో, స్నేహితుడు పెద్దవాడుగను, కొండ ఆతని భుజము వెనుక పిడికెడంతగను అగపడును. ఏబది అడుగులు వెనుకకు పోయి పెద్ద నాభ్యంతరముతో ఆతనిని అంతే పరిమాణమున తీసినచో, కొండ ఆతని నెత్తిమీద ఉన్నట్లుండును. కొండ కదలలేదు, స్నేహితుడు కదలలేదు, కదలినవారు మీరు. కొండ, మనుష్యుల పరిమాణములకు గల పొంతనను మార్చునది మన మెంత దూరమున నిలిచితిమో ఆ దూరమే. కటకము ఆ దూరమునకు తగినట్లు హద్దు గీయును, అంతే.

ఇది తెలిసిన పిమ్మట 35 మిల్లీమీటర్ల ప్రైమ్ లెన్సు ఒకటి కొంటిని. తొలి నెల చాల కష్టముగ నుండెను. పలాసలో జీడిపిక్కలు కొట్టు గది యొకదానిలోనికి, అనుమతి పొంది పోయితిని. గోడకు ఆనుకొని నిలిచినను ఎదుటివారికిని నాకును మూడు మీటర్లు మాత్రమే దూరము. లెక్క ప్రకారము చట్రములో పట్టునది రెండు మీటర్ల వెడల్పే. గదియంతయు రాదు. జూమ్ ఉన్నచో 18కి త్రిప్పి అంతయు పట్టి బయటికి వచ్చియుందును. ఇప్పుడు ఏది ముఖ్యమో నిర్ణయింపక తప్పలేదు. పిక్కలు కొట్టు ఒక వృద్ధురాలి చేతులకడ కూర్చుంటిని. పెంకులోని నూనెకు ఆ వ్రేళ్ళు నల్లబడి యుండెను. మనము పాయసములో వేసికొను తెల్లని పప్పు ఆ నల్లని వ్రేళ్ళనుండి వచ్చుచున్నదని అంతవరకు నేను చూడలేదు. గదిలో వెలుతురు తక్కువ. అయినను నా క్రొత్త కటకమునకు ఎఫ్ 1.8 అను విశాలమైన ద్వారమున్నది. పాత జూమ్ అదే సంఖ్యవద్ద అనుమతించు వెలుతురుకంటె ఇది ఇంచుమించు ఆరు రెట్లు అనుమతించును. ప్రైమ్ లెన్సునకు గల ప్రత్యక్షమైన లాభములలో ఇది యొకటి.

అన్ని పనులకును ఈ కటకము చాలునని చెప్పినచో అసత్యమగును. టెక్కలి చెంతనున్న తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును, రంగుల కొంగలును వచ్చి, చెట్లమీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచుకొని పోవును. ఆ గ్రామస్థులు వానిని ఆడబిడ్డలవలె ఆదరింతురు. నా 35 తో అవి ఆవగింజలంత కనబడెను. దగ్గరకు పోయినచో తల్లిపక్షి గూడు విడిచి లేచిపోవును. పిల్లలు ఎండకు మాడును. అక్కడ 400 మిల్లీమీటర్ల కటకముతో దూరమున నిలుచుటయే ధర్మము. నా యొద్ద అది లేదు. కనుక చిత్రము తీయక, చేతులు కట్టుకొని చూచి వచ్చితిని. పక్షికి దూరము మర్యాద. మిత్రునకు దగ్గరితనము మర్యాద.

పూర్వులకు ఈ చిక్కు లేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున ఛాయాచిత్రకారుడై కీర్తి గడించిన రాజా దీన్ దయాళ్ 1905లో మరణించెను. ఆయన బరువైన కెమెరాలను, గాజు పలకలను మోయించుకొని తిరిగి, ఎచట నిలువవలెనో ముందుగ నిశ్చయించుకొని చిత్రము తీసెడివాడు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాలకు మొదటి జూమ్ లెన్సు 1959లో గాని రాలేదు. అది వచ్చిన పిమ్మటను ఫ్రాన్సు దేశీయుడగు ఆంరీ కార్టియే బ్రెస్సాన్ ప్రధానముగ 50 మిల్లీమీటర్ల కటకమునే నమ్ముకొనెను. 1948 జనవరిలో గాంధీమహాత్ముని అంత్యదినములను చిత్రించినవారిలో ఆయన యొకడు. ఒక్క కటకముతో ఏండ్లు గడపినవాని కంటికి, కెమెరా ఎత్తకమునుపే చట్రము కనబడును.

2019 వేసవిలో మరల మిత్రుని తోటకు పోయితిని. ఈ మారు రోడ్డుమీద నిలువలేదు. ఆతడు మంచముమీదను, నేను ఎదుట స్టూలుమీదను కూర్చుంటిమి. మా నడుమ మీటరున్నర దూరముండెను. కెమెరాను నిలువుగ పట్టినచో తలనుండి నడుము వరకు చక్కగ అమరెను. క్రొత్తగా నాటిన కొబ్బరి మొక్కలను గూర్చి చెప్పుచు, నా వంక చూచి నవ్వబోవుచుండగా తీసితిని. అప్పటికే ఆతని దేహమున, ఉద్దానమును చిరకాలముగ పీడించుచున్న మూత్రపిండముల వ్యాధి ప్రవేశించియుండెను. దాని మూలకారణమును శాస్త్రజ్ఞులు నేటికిని వెదకుచునే యున్నారు. 2021లో నా మిత్రుడు కాలధర్మము నొందెను.

ఇంటివారు పటము కట్టించుటకు చిత్రములు వెదకిరి. పెండ్లినాటి చిత్రమొకటి వెలిసిపోయి యుండెను. కార్డులమీది చిత్రములలో ఆతని పోలికయే లేదు. నేను తీసిన చిత్రమును పెద్దది చేయించి యిచ్చితిని. ఆతని భార్య దానిని చాలసేపు చూచి, "మాటాడతన్నట్టే ఉన్నారు అన్నయ్యా" అనెను. మాటలాడుచునే యుండెను గదా! ఇద్దరు మిత్రులు మాటలాడుకొను దూరమున కూర్చుండి తీసినది. రోడ్డుమీదనుండి తీసిన చిత్రములను నేనామెకు చూపలేదు.

విద్యార్థులారా! నేడు మీ ఇండ్లలోని చేతిఫోనుల ముఖ్య కటకము సాధారణముగ పెద్ద సెన్సారుపై 24 నుండి 28 మిల్లీమీటర్ల కటకము చూచునంత మేరను చూచును. దానిలో చిత్రమును వ్రేళ్ళతో సాగదీయక, ఒక వారము కాళ్ళతో నడచి చిత్రములు తీసి చూడుడు. మీకు మనుష్యునితోపాటు ఆతని వీధి, ఇల్లు, ఆకాశము కావలెనేని, ఆ కటకమే మీకు చాలును. నలుగురి ముఖములను, ఇబ్బంది పెట్టక, నాలుగడుగుల అవతలనుండి చూడ మనసైనచో, పెద్ద సెన్సారుపై 85 మంచిది. ఎదురుగ కూర్చుండి మాటలాడు స్వభావము మీదైనచో 50. నా కెమెరాకు 35 ఆ పనియే చేయుచున్నది. ముందు మీరు నిలువదలచిన చోటును తెలిసికొనుడు. పిదప దుకాణమునకు పొండు.

నేను ఇప్పటికిని ఆ తోటకు పోవుచుందును. నాడు ఆతడు నాటిన మొక్కలు నా తలను మించి పెరిగినవి. ఆతని కుమారుడు నన్ను చూచి స్టూలు తెచ్చి వేయును. అది ఎక్కడ వేయవలెనో ఆ పిల్లవానికి ఎవరును చెప్పనక్కఱ లేదు.