నైసెన్సు లేని బేరం

అనకాపల్లి బెల్లం గురించి అందరూ చెబుతారు. ఇక్కడ చెరకు పరిశోధనా కేంద్రం 1913 నుంచీ ఉంది. మార్కెట్టు పేరు దేశమంతా తెలుసు. ఆ బెల్లం వెనక మా పేట చేతులున్నాయని మాత్రం ఎవరూ రాయలేదు. చెరకు నరికింది మా ఆడోళ్ళు. గానుగ కాడ పొయ్యిలోకి పిప్పి ఎగదోసింది మా మగోళ్ళు. మేం ముట్టుకుంటే మైలపడే ఊళ్ళోనే, మేం వండిన బెల్లం దేవుడి ప్రసాదంలోకి పోయేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అయ్య అరవై సెంట్లు కౌలుకి చేశాడు. నోటిమాట కౌలు. కాయితం లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు. గానుగ కాడికే వచ్చే ఒక వర్తకుడు మదుపుకి డబ్బిచ్చి, ప్రామిసరీ నోటు మీద అయ్య వేలిముద్ర వేయించుకున్నాడు. పంటయ్యాక ముప్పై ఎనిమిది దిమ్మలు బండికెత్తించుకుని, లెక్క చీటీ మీద రాసిచ్చి పోయాడు. ఉగాది పోయింది, వానలు పడ్డాయి, డబ్బు రాలేదు.

అయ్య నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి అడిగితే ఆయన నవ్వాడు.

"ఒరే, నాకు లైసెన్సు లేదు. లైసెన్సు లేనోడి బేరం కోర్టులో నిలబడదు. యార్డుకి తోలకుండా నాకెందుకిచ్చావు?"

"నైసెన్సు నీకు నేకపోతే దండుగ నాకేటి బాబూ?" అన్నాడు అయ్య.

ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే నేను లా చదివానేమో.

1966 మార్కెట్ల చట్టం నోటిఫై చేసిన పంటని కొనే వర్తకుడు మార్కెట్ కమిటీ దగ్గర లైసెన్సు తీసుకోవాలంది. ఎందుకని? తూకంలో, ధరలో, చెల్లింపులో రైతు మోసపోకూడదని. 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్, చట్టం వద్దన్న పని మీద చేసుకున్న ఒప్పందం చెల్లదంటుంది. ఆ వర్తకుడు పట్టుకున్నది ఈ ఒక్క ముక్కనే. తప్పులో ఇద్దరూ సమానం కానప్పుడు తక్కువ తప్పున్నవాడి దావా వినొచ్చని సుప్రీంకోర్టు సీతారాం, రాధాబాయి కేసులో ఒప్పుకుంది. ఒప్పందం చెల్లదని తేలితే, దానివల్ల పొందిన లాభం తిరిగివ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. అయితే మొదట్నించీ తెలిసి చేసినోళ్ళకి ఆ సెక్షన్ అందడం కష్టం. వేలిముద్ర వేసే మా అయ్యకి ఎదుటివాడి లైసెన్సు సంగతి ఎలా తెలుస్తుంది?

1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ చూడండి. రిజిస్టరు కాని సంస్థ ఒప్పందం పట్టుకుని బయటోళ్ళ మీద దావా వెయ్యలేదు. బయటోళ్ళు దానిమీద వెయ్యొచ్చు. రిజిస్టరు చేసుకోనివాడిదే నష్టం. న్యాయం అలా ఉండాలి. మా అయ్య అడిగిందీ అదే.

2020లో కేంద్రం తెచ్చిన వ్యవసాయ వాణిజ్య చట్టం, యార్డు బయట కొనడానికి పాన్ కార్డు చాలంది. డబ్బు మూడు పనిదినాల్లోపు ఇవ్వాలంది గానీ, తగువొస్తే సివిల్ కోర్టుకి పోనివ్వకుండా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు దగ్గరికి పొమ్మంది. 2021లో ఆ చట్టం రద్దయింది. ఆఫీసుల చుట్టూ తిరగడానికి కూలి మానుకోవాల్సినోడి బాధ దానికీ పట్టలేదు.

అమ్మిన సరుకు డబ్బుకి దావా వెయ్యాలంటే గడువు మూడేళ్ళు. ఆ సంగతి మా పేటకి చెప్పినోడు లేడు. చీటీ దూలంలో దోపి ఉండగానే గడువు దాటింది. ప్రామిసరీ నోటు మాత్రం ఆయన మర్చిపోలేదు. మా అమ్మా అయ్యా రెండేళ్ళు ఆయన పొలంలో పనిచేసి ఆ అప్పు తీర్చారు. లైసెన్సు లేకపోవడం మా బెల్లం డబ్బుకి అడ్డొచ్చింది గానీ, ఆయన అప్పుకి అడ్డు రాలేదు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కౌలోళ్ళకి ఒకటే చెబుతాను. చీటీ మీద తేదీ రాయించండి, సంతకం చేయించండి, మూడేళ్ళు దాటనివ్వకండి. లైసెన్సు లేదని వాడంటే, అది వాడి నేరమని వాడి మొహమ్మీదే చెప్పండి.