మైనంలో మెట్లు

బందరులోనో దివిసీమలోనో ఇంట్లోని వీణ అపస్వరం పలికితే, గుడివాడ, హనుమాన్ జంక్షన్ మీదుగా నూజివీడుకు దారి ఉంది. పనస కర్రతో వీణలు చేసే ఈ ఊరు 2022 దాకా కృష్ణా జిల్లాదే.

గిటారుకైతే చెక్కలో గాడి కోసి, మెట్లను ప్రెస్సుతో నొక్కేస్తారు. ఇక కదలవు. వీణ సంగతి వేరు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దండికి రెండు పక్కలా గట్లు కడతారు. మైనం మెత్తగా ఉండగానే 24 మెట్లనూ నిలబెట్టి, తీగ మీటుతూ ఒక్కోదాన్నీ వెంట్రుకవాసి జరుపుతారు. మేళం కట్టడమంటే ఇదే. ఇక్కడ ప్రెస్సు వేలు, కొలబద్ద చెవి!

కోస్తా ఎండకు మైనం కరిగి మెట్టు ఒరిగిందా, మళ్లీ మేళం కట్టాల్సిందే. చెవి తెలిసిన మనిషి దొరక్కపోతే వీణ గోడవారనే ఉండిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు దాన్ని బస్సు టాపు మీద వేయరు, ఒళ్లో పెట్టుకుంటారు.