మైనస్‌ని దాచకండి

అరసవల్లిలో వారమంటే ఆదివారమే. సూర్యనారాయణస్వామి రోజు కదా, జనం విరగబడతారు. మాఘమాసం ఆదివారాల సంగతి సరేసరి. గుడి బయట కొబ్బరికాయలమ్మే ఆవిడ ముందున్న లెక్కా, పెద్ద కంపెనీల సప్లై ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాలాంటివాళ్లం కుస్తీ పట్టే లెక్కా ఒకటే.

సూత్రం చిన్నది. నిన్నటి నిల్వకి ఇవాళ వచ్చే సరుకు కలిపి, ఇవాళ పోయేది తీసేస్తే ఇవాళ్టి నిల్వ. రేపటికి అదే ఓపెనింగ్ బ్యాలెన్స్. రోజుకో గడి వేసుకుంటే, మొదటి గడిలోది మాత్రమే చేత్తో లెక్కపెట్టిన సరుకు. మిగతా గడులన్నీ ఎడమపక్క గడిని నమ్ముకున్నవే. మొదట్లో పది కాయలు ఎక్కువ రాస్తే ఆ పదీ ఏడాది చివరి దాకా వెంట వస్తాయి.

సోమవారం పొద్దున 300 కాయలున్నాయనుకుందాం. శనివారం దాకా రోజుకి 50 పోతాయి, ఆదివారం 500 కావాలి. గురువారం ఉద్దానం నుంచి 600 కాయల బండి వస్తే ఆదివారం రాత్రికి 100 మిగులు. ఆ బండి ఆదివారం రాత్రికి చేరినా, వారమంతా ఒకే గడిగా వేసిన లెక్కలో ఆ 100 అలాగే కనబడుతుంది. రోజువారీ గడులు వేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది: శనివారానికి సున్నా; రాత్రి చేరే సరుకు మర్నాటి గడిలోకే వస్తుంది కనక ఆదివారం అమ్మకాలకి మైనస్ 500.

మైనస్ చూడగానే ఆఫీసులో కంగారు. సరుకు సున్నాకంటే తగ్గడమేమిటని ఫార్ములాలో ఒక షరతు పెట్టి, గడిని సున్నా దగ్గర ఆపేస్తారు. చిక్కు సోమవారం మొదలవుతుంది. బండి సరుకు కలిపి, ఆ రోజు పోయే 50 తీసేస్తే, మైనస్‌ని మోసుకొచ్చిన లెక్కలో మిగిలేది 50. సున్నా దగ్గర ఆపిన లెక్కలో 550. ఏది నిజం?

కొనేవాణ్ణి బట్టి ఉంటుంది. మోటార్లకి ఆర్డరిచ్చిన డీలరు వారం ఆగుతాడు. అతని బాకీ తీర్చాలి కనక మైనస్ ముందుకి సాగాల్సిందే. భక్తుడు ఆగడు, పక్క కొట్లో కొనుక్కుని క్యూలో నిలబడతాడు. “బండి ఆగిపోద్ది గానీ ఆదివారం ఆగదు గదా బాబూ!” అంది కొబ్బరికాయల ఆవిడ. ఆవిడకి 550 నిజమే. కాకపోతే చెయ్యిజారిన 500 బేరం ఇంకో వరసలో రాసుండాలి. లేకపోతే ఆ వారం ఏ లోటూ లేదన్నట్టే ఉంటుంది.

రాబోయే రోజుల గడులు నింపడమూ తేలిక కాదు. సూర్యుడి పండగ రథసప్తమి 2025లో ఫిబ్రవరి 4, మంగళవారం. 2026లో జనవరి 25, ఆదివారం. తిథిని మరిచి నిరుటి వారాన్ని నకలు కొడితే కాయలు పండగ వెళ్లాక దిగుతాయి. ఇక 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటల్ని నేలకూల్చింది. మొక్క నాటి కాపు చూడాలంటే ఏళ్లు పడుతుంది. కొబ్బరి రైతు లెక్కలో ఒక్కో గడి ఒక్కో ఏడాది.

ప్లానింగ్‌లోకి వచ్చే కుర్రాళ్లకి చెప్పేదొకటే. మొదటి గడి గోదాములోకి వెళ్లి చూసి రాయండి. మైనస్ వస్తే దాచకండి. బుధవారమే అది కనబడితే, ఇంకో బండి మాట్లాడుకోడానికి మూడు రోజులుంటాయి.