సలుపు, పోటు, మంట



పిత్తనాళపు చివర పుట్టిన కణితికి నాకు విపుల్ శస్త్రచికిత్స జరిగింది. పిత్తాశయం, క్లోమం తల, ఆంత్రమూలం, నాళంలో కొంత భాగం పోయాయి. మిగిలిన కొసలను పేగుకు కలిపి కుట్టారు. కొన్నింటికి లోపం, కొన్నింటికి సంధి. ముప్ఫై మూడేళ్ళు వ్యాకరణం చెప్పినవాడికి ఇంతవరకు సులభంగానే బోధపడింది. ఆపైన ఆరునెలల మాత్రలే అసలు పాఠం.

మందు పేరు కేపిసిటబీన్. బ్రిటన్‌లో 447 మందితో జరిగిన బిల్‌క్యాప్ అధ్యయనం 2019లో వెలువడ్డాక, ఇటువంటి శస్త్రచికిత్స పిమ్మట దీనిని ఇవ్వడం వాడుకయింది. రెండు వారాలు మాత్రలు, ఒక వారం విరామం. ఆసుపత్రివారు సైకిల్ అనే దానిని నేను ఆవృత్తి అనుకున్నాను. అటువంటివి ఎనిమిది. 500 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు నాలుగు, రెండు పూటలా, భోజనమైన అరగంటలోపు. ఇంట్లో ఉండి చేసుకొనే కీమోథెరపీ కనుక కనిపెట్టుకొని ఉండవలసిన భారమూ ఇంటివారిదే.

"మాస్టారూ, 'బాగానే ఉన్నాను' అని మర్యాదకు చెప్పవద్దు. ఏమవుతున్నదో మాటల్లో చెప్పండి" అన్నారు డాక్టరుగారు మొదటే. మాటల్లో చెప్పమన్నది తెలుగు పండితుణ్ణి! ఆనాడే ఒక నోటుపుస్తకం కొన్నాను.

బాధకు మన భాషలో పేర్లకు కరవా? సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. రెండవ ఆవృత్తిలో అరికాళ్ళు చిమచిమలాడాయి. మూడవదానిలో అరచేతులు ఎర్రబారి మంట పుట్టింది. "ఈ రోజు చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టింది" అని రాశాను. డాక్టరుగారి చూపు ఆ వాక్యం దగ్గరే ఆగింది. ఎరుపు ఒక మెట్టు, ఆ ఎరుపువల్ల పని ఆగిపోవడం మరొక మెట్టు. మాత్రలు ఆపించి, చేతులు కుదుటపడ్డాక పూటకు మూడు చాలన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తగ్గిన ఆ ఒక్క మాత్ర సందులోంచి రోగం తిరిగి వస్తుందేమోనని భయం. తెల్లవారగానే ఫోనుచేసి ఆ మాటే అడిగాను. "నాలుగు మింగి మధ్యలో మానేయడంకంటే, మూడు మింగి ఎనిమిదీ పూర్తిచేయడం మేలు" అన్నారు.

చేతులకు యూరియా కలిసిన లేపనం, కాళ్ళకు నూలు మేజోళ్ళు, వేడినీళ్ళకు సెలవు. డైక్లోఫెనాక్ జెల్ ముందునుంచే పూస్తే ఈ బాధ తగ్గుతుందని ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మందితో జరిగిన అధ్యయనం 2024లో తెలిపింది. పనికి అడ్డువచ్చేంత బాధ ఆ జెల్ వాడినవారిలో 3.8 శాతం, మందులేని జెల్ వాడినవారిలో 15 శాతం. అది తమకు తగునో కాదో ఎవరి వైద్యుణ్ణి వారు అడగాలి.

నోటిపూతకు ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలింత. ఆవకాయ జాడీ అటకెక్కింది. క్లోమం తల పోయినందున భోజనంతోపాటు జీర్ణరసపు క్యాప్సూల్స్. కొవ్వు అరగక వచ్చే జిడ్డు విరేచనం వేరు, మందువల్ల వచ్చే నీళ్ళ విరేచనం వేరు. రెండింటికీ చికిత్స వేరు కనుక ఏది ఏదో చెప్పితీరాలి. మామూలుకంటే నాలుగుసార్లు ఎక్కువైతే మాత్రలు ఆపి ఫోను చేయమన్నారు. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, చలి వణికించినా, కళ్ళు పచ్చబడినా ఆసుపత్రికి వెంటనే పరుగు. బలానికని బంధువొకరు తెచ్చిన ఫోలిక్ యాసిడ్ బిళ్ళలను డాక్టరుగారు వద్దన్నారు. అవి ఈ మందు తీవ్రతను పెంచుతాయట.

ఐదవ ఆవృత్తికి వేలిముద్రలు చెరిగిపోయాయి. పింఛనుకోసం జీవన ధ్రువీకరణకు వెళితే, యంత్రం మూడుసార్లు నన్ను కాదన్నది. రాత్రిబడిలో ఎందరిచేతనో వేలిముద్ర మాన్పించి సంతకం నేర్పినవాణ్ణి. చివరకు యంత్రం నా ముఖం చూసి, బతికే ఉన్నానని ఒప్పుకుంది. ఈ మందుతో ముద్రలు చెరగడం ఉన్నదేనని డాక్టరుగారు చీటీ రాసి ఇచ్చారు.

ఎనిమిదీ పూర్తయ్యాయి. మూడు నెలలకొక స్కాను. దాని ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఈ మాత్రలు మొదలుపెట్టబోయేవారు మీ ఎరుకలో ఎవరైనా ఉంటే, పరామర్శకు పండ్లు తీసుకువెళ్ళండి, మంచిదే. వాటితోపాటు ఒక నోటుపుస్తకమూ, కలమూ తీసుకువెళ్ళండి. గుండీలు తామే పెట్టుకోగలుగుతున్నారా అని అడగండి.